ముందు గేటులోంచి ఇంటికి

మా ఆసుపత్రిలో నన్ను అందరూ మైకమ్మ అంటారు. అసలు పేరుతో పిలిచేది మా అమ్మ ఒక్కతే, అదీ కోపం వచ్చినప్పుడు.

ఊళ్లోకి కలరా వచ్చినప్పుడు ప్రచారం బాధ్యతంతా నా నెత్తిన పడింది. గోడల మీద అతికించే పోస్టర్లు రాసేది నేను, వ్యాను మీద మైకు కట్టుకుని సందు సందూ తిరిగేది నేను, జనం వినకపోతే పెద్ద డాక్టరు గారి చేత చీవాట్లు తినేదీ నేనే. నీళ్లు మరగబెట్టి తాగండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, విరేచనాలు మొదలవగానే ఆసుపత్రికి రండి. ఈ మూడు మాటలూ నన్ను నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా అప్పజెప్పేదాన్ని.

నీళ్ల సంగతి జనం విన్నారు. సబ్బుల సంగతి ఎంతగా విన్నారంటే కిరాణా కొట్లో సబ్బులు దొరకడం మానేశాయి. ఆసుపత్రికి రమ్మన్న మాట మాత్రం ఒక్కరూ చెవిన వేసుకోలేదు. కళ్లు లోపలికి పోయి, వేళ్ల చర్మం ముడతలు పడి, నాడి అందకుండా పోయాక అప్పుడు మంచంతో సహా మోసుకొచ్చేవారు. అలా వచ్చినవాళ్లలో కూడా చాలామందిని బతికించేవాళ్లం. కొందరు మాత్రం సెలైను ఎక్కేలోపే చేతుల్లోంచి జారిపోయేవారు. వాళ్లని చూసి భయపడి మిగతావాళ్లు ఇంకా ఆలస్యం చేసేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. వేళకి వస్తే నయమయ్యే జబ్బు కదా, ఒంట్లోంచి పోయిన నీళ్లూ ఉప్పూ తిరిగి ఎక్కిస్తే లేచి కూర్చుంటారు కదా, ఇంత చిన్న విషయం ఈ జనానికి ఎందుకు ఎక్కదు అని నాలో నేనే గొణుక్కునేదాన్ని.

"ప్రచారం చాలడం లేదమ్మా," అన్నారు పెద్ద డాక్టరు గారు.

సరేనని మైకు సౌండు పెంచాను. అదీ చాలకపోతే మాటల్లో కారం పెంచాను. 'ఆలస్యం చేస్తే చావే' అని ఎర్రక్షరాలతో పోస్టర్లు వేయించి ఊరంతా అతికించాను. అవి చూసి నేనే జడుసుకున్నాను. దాంతో ఆసుపత్రికి వచ్చేవాళ్లు ఇంకా తగ్గారు.

ఆసుపత్రి ముందు గేటుకి సరిగ్గా ఎదురుగా మా అక్క టైలరింగ్ షాపు ఉంది. ముందు షాపు, వెనక ఇల్లు. వీధిలో సగం మంది ఒంటి మీద బట్టలు అక్క కుట్టినవే. కొలతలు తీసుకుంటూ వాళ్ల ఇంటి గుట్లన్నీ లాగేస్తుంది, తన అభిప్రాయాలు కూడా వాళ్ల చెవిలో పోసి పంపిస్తుంది. మధ్యాహ్నం భోజనం నాకు అక్కడే.

"నీ మైకు గోలకి చెవులు చిల్లులు పడుతున్నాయే," అంది ఒకరోజు, మిషను తొక్కుతూనే. "రండి రండి అని పిలుస్తావు సరే. వెళ్లినవాళ్లు ఏరీ?"

"ఏరీ అంటే ఏంటక్కా? నయమై ఇళ్లకి వెళ్లిపోతున్నారు."

"ఎటునుంచి? నేను పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటా. ఆ గేటు నా ముక్కు ముందే ఉంది. లోపలికి మోసుకెళ్లేవాళ్లని చూస్తున్నా. తెల్లగుడ్డ కప్పి బయటికి తెచ్చేవాళ్లని చూస్తున్నా. నడిచి బయటికొచ్చిన మనిషిని మాత్రం ఒక్కణ్ణి చూడలేదు."

"నువ్వు జాకెట్లు కుట్టుకో తల్లీ. వైద్యం మాకొదిలెయ్."

"కుట్టుకుంటూనే ఉన్నా. నా నోరేం కుట్టుకోలేదుగా. అడిగినవాళ్లందరికీ ఇదే చెప్తున్నా."

కంచం విసురుగా తోసి లేచి వచ్చేశాను. మా ఇద్దరికీ ఇది మామూలే. సాయంత్రానికి టీ గ్లాసు పట్టుకుని తనే వచ్చి పలకరిస్తుంది. ఆ సాయంత్రం కూడా వచ్చింది.

ఆ తర్వాత కొద్దిరోజులకి, పొద్దున్నే పోస్టర్ల కట్ట విప్పుతుంటే బావ పరుగెత్తుకుంటూ వచ్చాడు. బావ నెమ్మదస్తుడు. ఆయన పరుగెత్తడం నేను అంతకుముందు చూడలేదు. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి అక్క చెప్పు.

"మీ అక్కకి తెల్లారిందగ్గర్నుంచీ అవుతున్నాయి. వాంతులు కూడా. ఆసుపత్రికి రానంటోంది. నువ్వైనా చెప్పు."

వెళ్లేసరికి అక్క వెనక గదిలో మంచం మీద ముడుచుకుని పడుకుని ఉంది. నిన్నటిదాకా కస్సుమన్న మనిషి ఒక్క పూటలో సగమైపోయింది. పెదాలు ఎండిపోయాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఓఆర్ఎస్ నీళ్లు కలిపి తాగించాను, తాగిందంతా వాంతి చేసుకుంది. హెడ్ నర్సుని పిలిపించి సెలైను ఇంట్లోనే పెట్టిద్దామంటే, సూది చూడగానే చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ సూది గుచ్చాకే జనం పోతున్నారని వీధిలో ఎవరో అన్నారట. అన్నది తన కస్టమరే అయ్యుంటుంది.

"అక్కా, నా మాట విను. లోపలికి వస్తే రేపటికి లేచి కూర్చుంటావు."

"పోతే నా మంచం మీదే పోతా. ఆ గేటు దాటను."

"ఎందుకు దాటవు? నేను రోజూ దాటుతున్నాగా."

"నువ్వు పనిమీద వెళ్తావు, సాయంత్రానికి వస్తావు. రోగమొచ్చి వెళ్లినవాళ్లు రాలేదు." అంతమాత్రం అనడానికే ఆయాసపడింది. కాసేపు కళ్లు మూసుకుని మళ్లీ తెరిచింది. "ఒక్కణ్ణి చూపించు. లోపలికి పడుకుని వెళ్లి, తన కాళ్ల మీద తను బయటికొచ్చినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. అప్పుడొస్తా."

"ఒక్కడేంటక్కా, నిన్న కూడా ఎంతోమంది..." అని మొదలుపెట్టి ఆగిపోయాను.

మాకు వెనక గేటు ఉంది. నయమైనవాళ్లు ఇంటికెళ్లే ముందు మందు నీళ్లతో స్నానం చేయాలి, కట్టుబట్టలు మార్చుకోవాలి. ఆ స్నానాల గది వెనక వైపు ఉంది. దాని తలుపు తీస్తే వెనక సందు. అక్కడ వ్యాను ఎక్కించి, ఎవరి కంటా పడకుండా ఇళ్ల దగ్గర దించేస్తాం. ఇది పెద్ద డాక్టరు గారు జాలితో పెట్టిన పద్ధతే. మొదట్లో ఒకావిడ నయమై ముందు గేటు నుంచి వెళ్తే, ఇంటి ఓనరు ఆవిడ గదికి తాళం వేసేశాడు. ఇక ఎవరికీ అలాంటి అవమానం జరగకూడదని ఆయన పంతం పట్టారు. ఇంటికి చేరినవాళ్లు కూడా చుట్టాల ఊరెళ్లొచ్చామని చెప్పుకునేవారు. పోయినవాళ్లని తీసుకెళ్లే బండి మాత్రం ఆ వెనక సందులో పట్టదు. అది ముందు గేటు నుంచే వెళ్లాలి.

అంటే వీధికి కనపడిందేమిటి? వెళ్లినవాళ్లు వెళ్లారు, శవాలు వచ్చాయి. అంతే. బతికినవాళ్లందరినీ మేమే దాచేశాం, దాచేసి ఎందుకు నమ్మరని మైకులో అరుస్తున్నాం. పైగా ఎర్రక్షరాలతో చావు అని రాసి, జనం అనుకుంటున్నదే నిజమని సంతకం కూడా పెట్టాను. ఆ క్షణంలో నా తల ఆ మిషనుకేసి కొట్టుకోవాలనిపించింది. దానికి టైము లేదు.

"బావా, మంచాన్ని షాపులోకి జరుపు. గేటు కనపడేలా వెయ్యి. ఓఆర్ఎస్ చెంచాతో కొంచెం కొంచెంగా పోస్తూనే ఉండు. నేను కాసేపట్లో రాకపోతే వార్డు బాయ్‌లని పిలిచి, అరిచినా గీపెట్టినా ఎత్తుకొచ్చెయ్."

బావ తలూపాడు. అక్క గీసిన గీత దాటని మనిషి, ఆ రోజు దాటడానికి సిద్ధమైపోయాడు.

పెద్ద డాక్టరు గారు రౌండ్సులో ఉన్నారు. నయమైనవాళ్లని ముందు గేటు నుంచి పంపిద్దామని చెప్పేసరికి ఆయన ఒంటికాలి మీద లేచారు.

"కుదరదమ్మా. వాళ్లని ఊరేగింపు తీసి, వీధి పాలు చేయమంటారా? వాళ్ల బతుకులు ఏం కావాలి?"

"మీరు వాళ్ల పరువు కాపాడుతున్నారు సార్, కాదనను. కానీ వాళ్లు బతికారన్న సంగతి వీధిలో ఎవరికీ తెలీదు. తెలీక మా అక్క అక్కడ ప్రాణం మీదకి తెచ్చుకుంటోంది. బలవంతం వద్దు. అడిగి చూద్దాం. సరే అన్నవాళ్లే నడుస్తారు."

ఆయన స్టెతస్కోపు తీసి జేబులో పెట్టుకున్నారు. ఆయనకి కోపమొస్తే అరుస్తారు, నిజం అనిపిస్తే ఇక వాదించరు. "పదండి, అడుగుదాం," అన్నారు.

ఆ రోజు ఇంటికి వెళ్లాల్సినవాళ్లలో ఒక అమ్మాయి వద్దంది, వెనక గేటే కావాలంది. అలాగే పంపించాం. లెక్కల టీచరు గారు కొంగు సరిచేసుకుని, "నడిస్తే ఏమైంది, నేనేం దొంగతనం చేశానా," అన్నారు. మూడో మనిషి మా ఊరి బస్సు కండక్టరు. భారీ మనిషి, అంతకన్నా భారీ గొంతు. ఊళ్లో ఆయన చేత తిట్లు తినకుండా బస్సెక్కినవాడు లేడు. ఆయన్ని తెచ్చిన రోజున నలుగురు మోయలేక మోసుకొచ్చారు, వీధంతా నిలబడి చూసింది.

"నేను పోయాననుకుంటున్నారా?" అన్నాడు కండక్టరు, మంచం మీద నిటారుగా కూర్చుని. ఆయన ముఖంలో అవమానం కన్నా సంబరమే ఎక్కువ కనపడింది. "ఎవరనుకుంటున్నారు? అందరూనా? ఆగండి, తల దువ్వుకుని వస్తా."

స్నానాలయ్యాయి. పెద్ద డాక్టరు గారు వాళ్లని వెనక తలుపు వైపు కాకుండా, నడవలోంచి ముందు వరండాకి తీసుకొచ్చారు. ఆయనే ముందు నడిచారు. బజారు కిటకిటలాడే వేళ అది. వాచ్‌మన్ గేటు రెండు రెక్కలూ తెరిచి పక్కన నిలబడ్డాడు. మామూలుగా ఆ రెండు రెక్కలూ తెరిచేది శవాల బండికే. అందుకే వీధిలో జనం అలవాటుగా తలలు దించుకున్నారు.

దించిన తలలు ఒక్కొక్కటే లేచాయి. పళ్లబండి ఆవిడ చేతిలో తూకం అలాగే ఆగిపోయింది. ఎవరో ముక్కున వేలేసుకున్నారు. కండక్టరు గేటు మధ్యలో ఆగి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని వీధంతా కలియచూసి, "ఏంటలా చూస్తున్నారు? జరగండి, జరగండి, దారివ్వండి," అన్నాడు. ఆ గొంతు విని కూడా దెయ్యమనుకునేవాడు మా ఊళ్లో ఉండడు.

నేను ఆయన్ని నేరుగా అక్క షాపు గుమ్మం దగ్గరికి తీసుకెళ్లాను. అక్క తలగడ మీద తల పక్కకి తిప్పి చూస్తోంది. కళ్లు మాత్రమే కదులుతున్నాయి.

"టైలరమ్మా, బాగోలేదంట కదా. మొన్నటిదాకా నేనూ అంతే. ఇదిగో, చూడు." చొక్కా చెయ్యి పైకి లాగి సూది గుచ్చిన చోటు చూపించాడు. "దీంతోటే బతికా. అది సరే గానీ, నా ఖాకీ చొక్కా అయిందా? రేపో ఎల్లుండో డ్యూటీలో చేరాలి."

అక్క పలకలేదు. నీరసం వల్ల అనుకున్నాను. బావ ఉన్నట్టుండి గోడవైపు తిరిగి క్యాలెండరు చూడడం మొదలుపెట్టాడు.

"అయింది," అంది అక్క, వినీవినపడనట్టు.

"ఏదీ?"

అక్క వేలు మెల్లగా లేచి గేటు వైపు చూపించింది. గేటు దగ్గర మా వాచ్‌మన్ కొత్త ఖాకీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, చొక్కా కుదించి కుట్టినట్టు భుజాల దగ్గర కుట్లు ఇక్కణ్ణుంచే తెలుస్తున్నాయి.

"నువ్వు పోయావనుకున్నా అన్నా. గుడ్డ పాడవుతుందని..."

కండక్టరు వాచ్‌మన్‌ని చూశాడు, అక్కని చూశాడు, మళ్లీ వాచ్‌మన్‌ని చూశాడు. తర్వాత గుమ్మం పట్టుకుని పొట్ట కదిలేలా నవ్వాడు. "బతికుండగానే నా చొక్కా పంచిపెట్టేశావా తల్లీ. నేను ఇంకో రెండ్రోజులు లోపల ఉంటే ఇంకేం పంచేవారో." వెనక నిలబడ్డ జనం కూడా నవ్వేశారు. అన్ని రోజుల తర్వాత ఆ వీధిలో నవ్వు వినపడింది. లెక్కల టీచరు గారు కొంగు అడ్డం పెట్టుకున్నారు గానీ ఆవిడ భుజాలు ఆగడం లేదు.

అక్క కూడా నవ్వబోయింది, నవ్వడానికి ఒంట్లో నీరు లేదు. నా వైపు చెయ్యి చాపింది.

"ఎత్తు నన్ను."

బావ, నేను, వార్డు బాయ్ కలిసి మంచంతో ఎత్తాం. గేటు దాటుతుంటే అక్క బావ చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "నేనొచ్చేలోపు నా మిషను ఎవరికైనా ఇచ్చావంటే ఊరుకోను," అంది. బావ కళ్లు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

రెండు చేతులకీ సెలైను పెట్టారు. సీసా తర్వాత సీసా ఎక్కుతుంటే అక్క చేతికి మెల్లగా వెచ్చదనం వచ్చింది, నాడి అందింది. చీకటి పడకముందే కళ్లు పూర్తిగా తెరిచి, పక్క మంచం ఆవిడ దుప్పటి అంచు ఎంత అసహ్యంగా కుట్టారో చూడమంది. నేను వరండాలోకి వెళ్లి గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. భయపడ్డప్పుడు రాని ఏడుపు, భయం పోయాక వచ్చింది.

ఆ మర్నాడు నేనే నిచ్చెన వేసుకుని ఎర్రక్షరాల పోస్టర్లన్నీ పీకేశాను. వ్యానులో నా గొంతు మానేసి కండక్టరు గొంతు రికార్డు చేసి పెట్టాను. "నేను బతికే ఉన్నానండీ. ఆసుపత్రికి వెళ్లాను, వచ్చాను. మీరూ వెళ్లండి, నాలాగా నలుగురు మోసేదాకా ఆగకండి," అంటాడు, అంతే. మందుల పేర్లు లేవు, బెదిరింపులు లేవు. నయమైనవాళ్లు ఇష్టమైతే బజారు వేళకి ముందు గేటు నుంచి వెళ్లొచ్చన్నాం. మొదట ఒకరో ఇద్దరో నడిచారు. తర్వాత వాళ్ల ఇళ్లవాళ్లే వచ్చి గేటు బయట ఎదురుచూడడం మొదలుపెట్టారు. మొదట్లో తాళం వేసిన ఆ ఇంటి ఓనరు లాంటివాళ్లు ఇంకా ఉన్నారు. అలాంటి ఇళ్లకి పెద్ద డాక్టరు గారు స్వయంగా రోగి పక్కన నడిచి వెళ్లి, గుమ్మంలో కుర్చీ అడిగి మరీ కూర్చుని టీ తాగి వచ్చేవారు. ఆయన కూర్చున్న ఇంటికి ఎవరు తాళం వేస్తారు?

అయినా జనం లోపలికి రావడం అనుకున్నంత పెరగలేదు. చూస్తున్నారు, చెవులు కొరుక్కుంటున్నారు, తమ దాకా వస్తే మాత్రం తలుపు వేసుకుంటున్నారు. కండక్టరు మొండి మనిషి కాబట్టి బతికాడని ఒక మాట లేచింది. నాకు మళ్లీ తల ప్రాణం తోకకొచ్చింది.

అక్క డిశ్చార్జి అయ్యే రోజు వచ్చింది. అక్క ఇస్త్రీ చీర తెప్పించుకుని, జడ వేయించుకుని గేటు దగ్గరికి వచ్చింది. వీధంతా ఆగింది. లోపలికి వెళ్లినవాళ్లు రారని ఆ వీధిలో మొదట అన్నది అక్కే అని అందరికీ తెలుసు. అక్క నా దగ్గరికొచ్చి మైకు అడిగింది. తిడుతుందేమోనని భయపడుతూనే ఇచ్చాను.

"మీ అందరికీ నేనే చెప్పా, లోపలికి వెళ్లినవాళ్లు బయటికి రారని," అంది. గొంతు ఇంకా బలహీనంగానే ఉంది. "అబద్ధం చెప్పలేదు. చూసిందే చెప్పా. ఇప్పుడు కూడా చూసిందే చెప్తున్నా. నా వార్డులో నా కళ్లముందు పోయినవాళ్లు లేరు. వేళకి వచ్చినవాళ్లందరూ లేచి కూర్చున్నారు. నేను చావు అంచుదాకా వెళ్లి వచ్చా, అదీ ఆలస్యం చేసినందుకే. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. నేనే పట్టుకుని తీసుకెళ్తా."

ఎవరూ కదల్లేదు. అప్పుడు పళ్లబండి ఆవిడ బండి వదిలేసి ముందుకొచ్చింది.

"మా అత్తకి తెల్లారిందగ్గర్నుంచీ అవుతున్నాయి," అంది, తల దించుకుని. "లోపల పడుకోబెట్టి తలుపేశా."

అక్క మైకు నా చేతిలో పెట్టి ఆవిడ వెంట నడిచింది. అంత నీరసంలో ఎలా నడిచిందో ఇప్పటికీ నాకు తెలీదు. కాసేపటికి ఒక ముసలావిడని చెరో రెక్క పట్టుకుని ఇద్దరూ తిరిగొచ్చారు. ముసలావిడ ఇంకా తన కాళ్ల మీద తనే ఉంది. అక్క ఇందాకే బయటికొచ్చిన గేటులోంచి, ఆవిడని పట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లింది.

ఆ వెనకే ఇంకో తలుపు తెరుచుకుంది. తర్వాత పక్క సందులోంచి ఒకాయన పిల్లని భుజానేసుకుని వచ్చాడు. సాయంత్రానికి వార్డు నిండిపోయి, వరండాలో మంచాలు వేయాల్సి వచ్చింది. పెద్ద డాక్టరు గారు చొక్కా చేతులు మడిచి అటూ ఇటూ పరుగెడుతూ నా మీద కసురుకున్నారు. "ఇంతమందిని ఒక్కసారే రమ్మంటే ఎలా అమ్మా? ఇన్ని మంచాలు ఎక్కణ్ణుంచి తేవాలి?" ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ ఎన్నో తిట్లు తిన్నాను గానీ, ఇంత తియ్యటి తిట్టు ఎప్పుడూ తినలేదు. ఆ రోజు లోపలికి వచ్చినవాళ్లందరూ, ఆ ముసలావిడతో సహా, కొద్దిరోజుల్లో నయమై, పట్టపగలు అందరూ చూస్తుండగా ముందు గేటులోంచి తమ కాళ్ల మీద తాము ఇంటికి నడిచి వెళ్లారు.